మాంగనీస్‌కు ఇన్ని ఆక్సీకరణ స్థితులు ఎందుకు? పట్టిక గుర్తుండేదెలా?

మీ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరమనీ, పరివర్తన మూలకాల (మాంగనీస్, ఇనుము, రాగి లాంటి లోహాల) ఆక్సీకరణ స్థితులు, అంటే సమ్మేళనంలో ఒక్కో మూలకం ఎన్ని ఎలక్ట్రాన్లు వదిలినట్టు లెక్కో చెప్పే అంకెలు, రాత్రి చదివితే పొద్దున్నకి మర్చిపోతోందనీ రాశారు. మాంగనీస్ +7లో ఉన్నప్పుడు నిజంగానే ఏడు ఎలక్ట్రాన్లు వదిలేస్తుందా అని ఆమె అడిగిందన్నారు. చాలా మంచి ప్రశ్న అండీ. నేను ఇంటర్ చదివిన రోజుల్లో నాకది తట్టనే లేదు. పట్టిక మొత్తం బట్టీ పట్టి, పరీక్ష ముందు రోజు టెన్షన్‌తో క్రోమియం, మాంగనీస్ తారుమారు చేసుకునేదాన్ని.

నాకు ఈ పాఠం ల్యాబ్‌లో వచ్చింది. ఆక్సాలిక్ ఆమ్లాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేస్తున్నాం, అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా ఇంకోదానిలో వేసి ఎంత పట్టిందో కొలవడం. బ్యూరెట్‌లో (కొలతల గీతలున్న పొడుగు గాజు గొట్టంలో) ఊదా రంగు పర్మాంగనేట్ ద్రావణం, కింద ఫ్లాస్క్‌లో వేడిచేసిన ఆక్సాలిక్ ఆమ్లం. అందులో విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం సరిపడా పోయాలి, నేను తొందరలో తక్కువ పోశాను. అందరి ఫ్లాస్కుల్లోనూ రంగు విరిగి నీళ్లలా అవుతుంటే, నాది మట్టినీళ్లలా గోధుమ రంగులోకి తిరిగింది. పారబోయబోతుంటే సార్ ఆపారు. "ఇప్పుడు ఇందులో మాంగనీస్ ఏ ఆక్సీకరణ స్థితిలో ఉంది?" అని అడిగారు. నాకు తెలియలేదు. పక్కన కూర్చోబెట్టి లెక్క వేయించారు.

బ్యూరెట్‌లోని పర్మాంగనేట్‌లో మాంగనీస్ ఉన్నది +7లో. ఆమ్లం బాగా ఉంటే అది ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుని +2కి దిగుతుంది. ఆ +2 ద్రావణానికి రంగు దాదాపు ఉండదు, అందుకే ఫ్లాస్క్ తేటగా కనబడుతుంది. ఆమ్లం చాలకపోతే మూడు ఎలక్ట్రాన్లే తీసుకుని +4 దగ్గర ఆగిపోతుంది. ఆ గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్‌ది. ఒక్కో కణం మూడే తీసుకుంటోంది కనుక పర్మాంగనేట్ ఎక్కువ ఖర్చవుతుంది, రీడింగ్ తప్పు వస్తుంది. ఆ రోజు నుంచి +7 అంటే ఊదా, +4 అంటే గోధుమ, +2 అంటే రంగు లేనిది అని నేను మళ్లీ మర్చిపోలేదు. మధ్యలో +6 కూడా ఉంది, మాంగనేట్, ముదురు ఆకుపచ్చ. పర్మాంగనేట్ అంటిన వేళ్లు కాసేపటికి గోధుమ రంగుకి మారడం మీ అమ్మాయి చూసే ఉంటుంది. అది కూడా +4కి దిగడమే. పాత బ్యాటరీ సెల్లు పగలగొడితే రాలే నల్లటి పొడిలోనూ బొగ్గుపొడితో కలిసి ఉండేది ఇదే డయాక్సైడ్.

ఇక ఎందుకు అన్నది. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే బయటి అరలకు 3డీ, 4ఎస్ అని పేర్లు. మాంగనీస్‌కు 3డీలో 5, 4ఎస్‌లో 2, మొత్తం ఏడు ఎలక్ట్రాన్లు బంధాలకు అందుబాటులో ఉంటాయి. 4ఎస్‌లోని రెండూ పోతే 3డీ సరిగ్గా సగం నిండి మిగులుతుంది, అది స్థిరమైన అమరిక. అందుకే +2 అంత గట్టిగా నిలబడుతుంది. ఇనుముకు 3డీలో 6. 4ఎస్‌లోని రెండు పోయి +2 అయ్యాక 3డీ నుంచి ఇంకొకటి పోతేనే ఆ సగం నిండిన అమరిక వస్తుంది. కాబట్టి ఇనుము +3కి వెళ్లడానికి చూస్తుంది. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం గాలికి వదిలేస్తే పసుపు తిరిగేది ఇందుకే, తుప్పులో ఇనుము +3లో ఉండేదీ ఇందుకే. మాంగనీస్ +2లో ఆగడానికీ, ఇనుము +3కి పోవడానికీ కారణం ఒక్కటే. ఈ ఒక్క ముక్క అర్థమైతే పట్టికలో సగం తగ్గిపోతుంది.

మిగతా సగానికి వేళ్లమీద లెక్క చాలు. స్కాండియంకు 3, టైటానియంకు 4, వెనేడియంకు 5, క్రోమియంకు 6, మాంగనీస్‌కు 7. ఉన్న బయటి ఎలక్ట్రాన్లు ఎన్నో, గరిష్ఠ స్థితి అంత. ఇనుము దగ్గర్నుంచి ఈ లెక్క పనిచేయదు, కేంద్రకం డీ ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది. నికెల్‌కు మామూలుగా +2, రాగికి +2, +1, జింకుకు +2 మాత్రమే.

మరి ఏడు ఎలక్ట్రాన్లు నిజంగా పోతాయా? పోవు. పర్మాంగనేట్‌లో మాంగనీస్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. ఆక్సిజన్ వాటిని ఎక్కువగా తన వైపు లాక్కుంటుంది కాబట్టి, ఆ పంచుకున్నవన్నీ ఆక్సిజన్ ఖాతాలో రాసేస్తాం. అలా రాస్తే మాంగనీస్ వైపు తేలే లెక్కే +7. నిజమైన ఆవేశం అంత ఉండదు. +7 మాంగనీస్ ఎప్పుడూ ఆక్సిజన్ లాంటి బాగా లాగే మూలకంతోనే కనిపిస్తుంది, విడిగా అయాన్‌గా కాదు. మా పుస్తకంలో ఈ మాట ఒక్క వాక్యంలో ముగించేశారు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఒక్క జాగ్రత్త చెప్పండి. ఆక్సిజన్ ఎప్పుడూ -2 అనుకోకూడదు, రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి జంటగా కలిసి ఉండే పెరాక్సైడ్‌లో అది -1. పరీక్షల్లో ఇష్టంగా అడిగే నీలం రంగు క్రోమియం పెరాక్సైడ్ తీసుకోండి: ఒక క్రోమియం, ఐదు ఆక్సిజన్లు. గుడ్డిగా వేస్తే క్రోమియంకు +10 వస్తుంది. క్రోమియంకు బయట ఉన్నవే ఆరు ఎలక్ట్రాన్లు, పది ఎక్కడి నుంచి వస్తాయి? ఐదింట్లో నాలుగు ఆక్సిజన్లు పెరాక్సైడ్ జంటలు, అవి -1 చొప్పున మైనస్ 4. మిగిలిన ఒక్కటి మైనస్ 2. క్రోమియం +6.