తలకు దెబ్బ తగల్లేదు, మరి కాళ్ళెందుకు కదలవు?

మీరు అడిగింది ఇది: నాన్నగారు మిద్దె మీద నుంచి పడి మూడు వారాలైంది, స్కాన్‌లో తలకు ఏమీ కాలేదన్నారు, అయినా రెండు కాళ్ళూ కదలడం లేదు. వెన్నెముక, వెన్నుపాము ఒకటేనా? నిన్న దుప్పటి తీస్తుంటే ఒక కాలు దానంతటదే ముడుచుకుంది, బాగవుతున్నట్టేనా?

నేను డాక్టర్ని కాదు. మాది అనంతపురం జిల్లా, గుంతకల్లు దగ్గర పల్లె. ఆరేళ్ళ కిందట మా చిన్నాయన చింతపండు దులపడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడ్డాడు. కదల్లేక వెల్లకిలా పడుకునే "కాళ్ళు ఉన్నాయేమో చూడురా అబ్బీ" అన్నాడు నాతో. చూస్తే కాళ్ళ మీద గీత కూడా పడలేదు.

అప్పుడు మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఇద్దరం చంకల కింద, ఇద్దరం మోకాళ్ళ కింద చేతులు వేసి, శెనక్కాయల మూటను ఎత్తినట్టు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాం. విరిగిన వెన్నుపూస లోపలి వెన్నుపామును ఇంకా నలిపేది అలాంటప్పుడే. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా కదపకుండా ఉంచాల్సింది. మీరు ఎలా తీసుకెళ్ళారో అడగను, అయిపోయినదాని గురించి ఇంట్లో ఒకరినొకరు అనుకోకండి. మా ఇంట్లో ఏడాది నడిచింది ఆ గొడవ.

ఇక మీ మొదటి ప్రశ్న. రెండూ ఒకటి కాదు. వేటపోతును కోసి వెన్ను నిలువునా చీల్చినప్పుడు పూసల నడుమ తెల్లగా, మెత్తగా తాడులాంటిది కనిపిస్తుంది చూశారా, అదే వెన్నుపాము. దాని చుట్టూ కాపలా ఉన్న ఎముకల వరుస వెన్నెముక. మనిషి మెదడు 1,300 నుంచి 1,400 గ్రాములు తూగితే వెన్నుపాము 35 గ్రాములే. చిటికెనవేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. కాలు కదుపు అన్న ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి దీని గుండానే దిగాలి. అరికాలిలో ముల్లు గుచ్చుకుందన్న కబురూ దీని గుండానే ఎక్కాలి. వేరే దారి లేదు.

మన చేలల్లో డ్రిప్ చూసే ఉంటారు. మెయిన్ పైపు నుంచి రెండు పక్కలా లేటరల్ పైపులు పోయినట్టు, వెన్నుపాము నుంచి కుడి ఎడమలకు 31 జతల నరాలు పోతాయి. మెయిన్ పైపు ఒకచోట పగిలితే అంతకు ముందున్న సాళ్ళకు నీళ్ళు అందుతాయి, తర్వాతివి ఎండిపోతాయి. మోటారు బాగానే తిరుగుతుంటుంది. మీ నాన్నగారి మెదడు ఆ మోటారు. మా ఊళ్ళో అందరూ దీన్ని పక్షవాతం అన్నారు, ఆకు పసరు తాగించమన్నారు కూడా. మెదడులో రక్తనాళం మూసుకునో చిట్లో వచ్చే పక్షవాతం మామూలుగా ఒక పక్క చెయ్యి, కాలు పట్టుకుంటుంది. చేతులు బాగుండి రెండు కాళ్ళూ ఒక్కసారే పడిపోయాయంటే ముందు చూడాల్సింది వెన్నునే.

చిన్నాయన ఎమ్మారైలో విరిగింది డి8 అని వచ్చింది, అంటే ఛాతీ పూసల్లో ఎనిమిదోది. కర్నూలులో ఒక డాక్టరమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని, దూదితో ఛాతీ నుంచి కిందికి తాకుతూ "తెలుస్తోందా" అని అడుగుతూ వచ్చింది. బొడ్డు దాకా తెలుస్తోంది, తెలుస్తోంది అన్నాడు. బొడ్డు దాటి నాలుగు వేళ్ళ కిందికి వచ్చాక మాట లేదు. ఆమె తొడ మీద తాకుతుంటే ఈయన కళ్ళు మూసుకునే "ఏమ్మా, ఆపేసినావా?" అన్నాడు. చిన్నమ్మ కొంగు నోట్లో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

నాకు అప్పుడొచ్చిన అనుమానం, దెబ్బ ఛాతీ వెనక కదా, స్పర్శ బొడ్డు దాకా ఎలా ఉంది అని. డాక్టరమ్మ చెప్పాక అర్థమైంది. తల్లి కడుపులో మొదటి నెలల్లో పామూ ఎముకా సమానంగానే ఉంటాయి. తర్వాత ఎముక త్వరగా పెరుగుతుంది, పాము వెనకబడుతుంది. పెద్దయ్యాక వెన్నెముక 70 సెంటీమీటర్లుంటే పాము నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. పూసల్లాగే పామునూ భాగాలుగా లెక్కపెడతారు. అందుకని డి8 పూస వెనక ఉండేది పాములో ఛాతీ భాగాల్లో ఎనిమిదోది కాదు, దాదాపు పదకొండోది. బొడ్డు దగ్గరి స్పర్శ పదో భాగానిది, అది బతికిపోయింది. ఆపరేషన్లకు వెన్నులో వేసే మత్తు సూదిని నడుము కింది భాగంలో వేసేదీ ఇందుకే. అక్కడ పాము ఉండదు, గుర్రపు తోకలా వేలాడే నరాలే ఉంటాయి.

ఇప్పుడు ఆ కాలు ముడుచుకున్న సంగతి. నా డ్రిప్ పోలిక ఇక్కడ చెల్లదు. పైపుకు బుద్ధి ఉండదు, వెన్నుపాముకు కొంచెం ఉంది. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది కదా, ఆ పని నడుము దగ్గర పాము చేస్తుంది, మెదడును అడగదు. కాలే పెనం తగిలితే మనం "అబ్బా" అనేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది, అదీ అంతే. మామూలు రోజుల్లో ఈ దుడుకుతనాన్ని మెదడు అదుపులో పెడుతుంటుంది. దెబ్బ తగిలిన కొత్తలో కిందనున్న పాము కూడా దిమ్మెరపోతుంది, కాళ్ళు తడిగుడ్డల్లా పడి ఉంటాయి. కొన్ని రోజులో, వారాలో గడిచాక దానికి తెలివొస్తుంది. కానీ అప్పటికి పై నుంచి అదుపు లేదు. దుప్పటి తగిలినా ముడుచుకుంటుంది, చల్లగాలికీ తన్నుకుంటుంది.

మాకిది తెలియదు. నాలుగో వారంలో చిన్నాయన కాలు ఎగిరి నా చేతిలోని చెంబుకు తగిలింది. నీళ్ళన్నీ పోయాయి, మేమంతా ఏడ్చాం, నవ్వాం. మా అవ్వ అదే శనివారం కసాపురం ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టించింది. తర్వాతి చెకప్‌లో డాక్టర్ ఆ కాలు ఎగరడం చూసి ఏమీ అనలేదు. "బొటనవేలు పైకెత్తు" అన్నాడు. చిన్నాయన పళ్ళు బిగపట్టి, చెమట పట్టేదాకా ప్రయత్నించాడు. వేలు కదల్లేదు. అప్పుడు అర్థమైంది మాకు తేడా.

కాబట్టి మీరు కూడా కాలు ఎగరడం చూసి సంబరపడొద్దు, అలాగని భయపడొద్దు. చెప్పినప్పుడు, చెప్పిన వేలు, చెప్పినట్టు కదిలిందా అన్నది చూడండి. ఇంకోటి, మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, వేలు పెడితే బిగించగలుగుతున్నారా అని డాక్టర్లు చూస్తారు. చిన్నాయన సిగ్గుతో వద్దన్నాడు, మేమూ మొహాలు తిప్పుకున్నాం. కానీ ఆ చోటి నరాలు పాము అట్టడుగు కొస నుంచి వస్తాయి. అక్కడ స్పర్శ మిగిలిందంటే పై నుంచి కింది దాకా కొన్ని నరాల పోగులైనా తెగకుండా ఉన్నట్టు, ఆశకు చోటున్నట్టు. ఆ పరీక్ష చేశారో లేదో అడిగి తెలుసుకోండి. పాము లోపల తెగిన పోగులు చేతి నరాల్లా మళ్ళీ సాగి అతుక్కోవు, అలా అతికిస్తామని డబ్బు అడిగేవాళ్ళు మీ దగ్గరకూ వస్తారు. మా దగ్గరకు ఇద్దరు వచ్చారు.

చిన్నాయన ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని చిల్లరకొట్టు చూసుకుంటున్నాడు. రాత్రుళ్ళు కాళ్ళు ఇంకా తన్నుకుంటాయి. "నా మాట వినవు గానీ, వాటి మాట అవి వింటాయి" అంటాడు.

ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది మాత్రం కాళ్ళు కాదు, పుండు. నొప్పి తెలియదు కాబట్టి కదపకుండా వెల్లకిలానే పడుకోబెట్టేశాం, పిరుదుల మధ్య ఎముక దగ్గర నిమ్మకాయ పట్టేంత గుంత పడింది, మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత చిన్నమ్మ ఫోన్‌లో రెండు గంటలకొకసారి అలారం పెట్టుకుని, రాత్రిపూట కూడా లేచి ఒత్తిగిలి పడుకోబెట్టేది. మీ నాన్నగారిని ఈరోజే పక్కకు తిప్పి అక్కడ, మడమల దగ్గర చర్మం చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. రిపోర్టులో ఏ పూస నంబరు రాశారో కూడా ఇక్కడ రాయండి.