కొండవాలులో ఇల్లు కొనేముందు వెనక గోడ చూడండి

"బెజవాడ కొండలు ఎలా ఏర్పడ్డాయి? భూకంపం వస్తే కూలిపోతాయా? కొండవాలులో ఇల్లు కొనొచ్చా?" అని అడిగారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి గుణదల కొండవాలులోనే ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు భూకంపం టెన్షన్ పక్కన పెట్టండి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు పొద్దున్నే మా వీధంతా బయటికి పరిగెత్తింది. అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి, అంతే. మా వైపు కొండ మీంచి ఒక్క రాయి దొర్లలేదు. అదే ఏడాది ఆగస్టు 31న భూమి కదలకుండానే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి, మనుషులు పోయారు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద విరిగిపడిందీ వానలకే. నన్నడిగితే ఇక్కడ భయపడాల్సింది నీటికి, ఆ నీటికి దారి లేకుండా చేసే మనుషులకి.

ఆ ఆగస్టు వాన రాత్రి సంగతి చెప్పాలి. మా పక్కింటివాళ్లు ఇంకో గది వేసుకోవడానికి కొండ అడుగు తొలిచి వెనకాల రాతిగోడ కట్టించారు. గోడలో నీళ్లు కారడానికి పైపు ముక్కలు పెట్టమని మా మావయ్యగారు మొదట్లోనే చెప్పారు. ఆయన రాళ్ల క్వారీలో పనిచేసిన మనిషి. మేస్త్రి పెట్టాడు కూడా. కానీ తర్వాత వాటిలోంచి ఎర్రనీళ్లు కారి కొత్త రంగు పాడవుతోందనీ, పాములు దూరతాయనీ సిమెంటుతో మూసేశారు. ఆ రాత్రి టార్చి వేసి చూస్తే గోడకు పొట్ట వచ్చింది. రాళ్ల మధ్య సిమెంటు గీతలు విచ్చుకుని, ఒక్కో చోట నుంచి సన్నగా నీళ్లు చిమ్ముతున్నాయి.

"అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని కిందకి దిగిపో, వాళ్లనీ దింపు" అన్నారు మావయ్యగారు. పక్కింటి అబ్బాయిని గునపం తెమ్మని, మూసేసిన కన్నాల్లో అడుగున ఉన్నదాన్ని పొడిపించారు. గోడ మీద పడితే ఇద్దరూ ఉండేవాళ్లు కాదు, ఎవరూ అలా చెయ్యొద్దు. సిమెంటు బిళ్ల ఊడగానే చెయ్యంత లావు ఎర్రటి ధార సందు దాటి ఎదురింటి మెట్ల మీద పడింది. చాలాసేపు అలా పోతూనే ఉంది. గోడ నిలబడింది. వానలు తగ్గాక దాన్ని పడగొట్టి మళ్లీ కట్టారు.

తెల్లారి మెట్ల మీద పేరుకున్న మట్టిని వేళ్లతో నలిపి చూశాను. మెత్తటి తెల్ల సుద్ద, గరుకు ఇసుక, మధ్యలో గార్నెట్ అనే ఖనిజం తాలూకు ముదురు ఎరుపు గింజలు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ గింజల్లోనే ఉంది. మన కొండల్లో బాగా కనిపించే ఈ రాయిని ఖోండలైట్ అంటారు. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక, భూఫలకాల ఒత్తిడికి ఇరవై కిలోమీటర్లకు పైగా లోతుకు పోయి, అక్కడి వేడికి ఇలా మారిపోయాయి. గార్నెట్ పుట్టింది ఆ లోతులో. ఇప్పుడది మా మెట్ల మీదికి వచ్చిందంటే, పైనున్న రాయంతా కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయిందన్నమాట! హిమాలయాలకైతే ఇప్పటికీ కింద నుంచి తోపు ఉంది. ఇక్కడ ఫలకాలు ఢీకొనడం ఎప్పుడో ఆగిపోయింది, ఇక అరగడమే మిగిలింది. అరగడం కూడా త్వరగానే. కోణార్క గుడికి ఎక్కువగా వాడింది ఈ రాయే. 13వ శతాబ్దపు శిల్పాలు ఉప్పుగాలికీ వానకీ ముక్కూ మొహం తెలియకుండా పోయాయి.

ఆ కొట్టుకుపోయిన మట్టి ఎక్కడికి పోయిందంటారా? 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తీరం నుంచి విడిపోయినప్పుడు నేల చీలికలు వచ్చింది. గుడివాడ వైపు కుంగింది, బాపట్ల వైపు దిమ్మలా మిగిలింది. ఆ పల్లాల్లో కిలోమీటర్ల మందాన ఒండ్రు నిండింది. చమురు, గ్యాస్ తీస్తున్నది ఆ పొరల్లోంచే. మా అత్తయ్య మాత్రం కృష్ణమ్మకు దారివ్వడానికి కొండకు బెజ్జం పడిందనే చెప్పేది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య నది ఇరుకైన చోటే 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టారు. అక్కడ దాటగానే డెల్టా మొదలు.

డెల్టా మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 308 టీఎంసీల శ్రీశైలం జలాశయం పూడికతో 215 టీఎంసీలకు వచ్చేసింది. డెల్టాకు రావాల్సిన ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. ఇక్కడేమో రాత్రిళ్లు లారీల్లో కొండల ఎర్రమట్టిని వెంచర్ల మెరకకు తోలుతున్నారు. నది తేవాల్సిన మట్టిని ఆపేసి, కొండ దాచుకున్న మట్టిని తవ్వేస్తే ఈ ప్రాంతం ఏమవుతుందో ఆలోచించేవాళ్లు కనిపించరు. అడుగు తొలిచిన కొండకి వాన తడి తోడైతే చాలు. ఖోండలైట్‌లో ఉండే ఫెల్స్‌పార్ అనే ఖనిజం సుద్దగా మారి ఉంటుంది, దాని వెనక నీళ్లు నిలిస్తే పైనున్న బండలు జారతాయి. దానికి భూకంపం అక్కర్లేదు.

ఇల్లు చూడటానికి ఎండాకాలంలో వెళ్లకండి. గట్టివాన పడిన మర్నాడు వెళ్లి వెనక గోడ చూడండి. కన్నాలు ఉన్నాయా, వాటిలోంచి నీళ్లు కారుతున్నాయా చూడండి. కారుతుంటే మంచిదే. గోడ పొడిగా మెరిసిపోతూ, కన్నాల చోట కొత్త సిమెంటు మచ్చలు కనిపిస్తే బేరం మాట్లాడకుండా వచ్చేయండి. కొండ మీద చెట్లు పక్కకి వాలాయా, పైన నేలలో పగుళ్లు ఉన్నాయా అన్నది కూడా పైకెక్కి చూడండి. "గోడ తర్వాత కట్టిస్తాం లెండి" అనేవాళ్ల దగ్గర మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.