తహ్రీర్ చౌక్ దగ్గర మొదలుపెట్టకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఈజిప్టు మీద ఆదివారం అనుబంధానికి నువ్వు రాస్తున్న వ్యాసంలో మొదటి భాగం చదివాను. వాక్యం బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. ఇంట్రో మాత్రం మార్చెయ్. 2011 జనవరి 25, అధ్యక్షుడు ముబారక్ మీద తిరుగుబాటు మొదలైన రోజు, కైరోలో తహ్రీర్ చౌక్, ఫోన్లు పైకెత్తిన కుర్రకారు. విదేశీ వార్తల డెస్కులో తల నెరిసినవాణ్ని, నాకు తెలుసు: ఏజెన్సీల కాపీ ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. కెమెరాలు అక్కడున్నాయి కాబట్టి. నీకు ఆ ఇబ్బంది లేదు కదా, ఇంకాస్త వెనక్కి వెళ్లు.

ఏ అరబ్ దేశం గురించి రాసినా ముందు ఒక్క సంగతి తేల్చుకో. అక్కడి ప్రభుత్వం జనానికి ఏమి ఇస్తానంది, దానికి బదులుగా ఏమి అడగవద్దంది? ఆ బేరం ఎప్పుడు కుదిరింది, ముందు మాట తప్పింది ఎవరు? ఇది తేలితే తిరుగుబాటు ఎందుకు వచ్చిందో పాఠకుడికి నువ్వు వేరే చెప్పక్కరలేదు.

ఈజిప్టులో ఆ బేరం కుదిరిన వారం కూడా చెప్పవచ్చు. 1952 జులై 23న నాసర్ నడిపించిన సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నారు. మూడు రోజులకే ఫరూక్ రాజు అలెగ్జాండ్రియాలో ఓడెక్కి దేశం విడిచాడు. ఆగస్టులో కఫ్ర్ అల్ దవ్వార్‌లో బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. కొత్త ప్రభుత్వం తమ వైపే ఉంటుందనుకున్నారు పాపం. సైనిక కోర్టు విచారణ జరిపి ముస్తఫా ఖమీస్, మహమ్మద్ అల్ బకరీ అనే ఇద్దరిని సెప్టెంబరు 7న ఉరి తీయించింది. సెప్టెంబరు 9న భూసంస్కరణ చట్టం వచ్చింది: ఎవరికీ 200 ఫెద్దాన్లకు మించి భూమి ఉండకూడదు (ఫెద్దాన్ అంటే ఎకరం కంటే కాస్త ఎక్కువ), కౌలు భూమిశిస్తుకు ఏడు రెట్లు దాటకూడదు. ఈ రెండు తేదీలనూ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టు. చాలా పుస్తకాలు చట్టాన్ని ఒక అధ్యాయంలో, ఉరిని ఇంకో అధ్యాయంలో చెప్పి నాసర్‌ను సగం సగం చూపిస్తాయి. పొలం ఇస్తాం, సంఘం కట్టవద్దు అన్నది ఒకటే మాట, ఒకటే వారం.

ఇచ్చినదాన్ని తక్కువ చేసి రాయవద్దు. పంచిన భూమి మొత్తం సాగులో కొద్దిపాటిదే. అయితే కౌలుదారును పొలం నుంచి వెళ్లగొట్టడం కుదరకుండా పోయింది, అది లక్షల ఇళ్లను నిలబెట్టింది. 1956లో సూయెజ్ కాలువ జాతీయమైంది. 1962లో విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఎత్తేశారు. ఆ తర్వాత రెండేళ్లకు డిగ్రీ ఉన్న ప్రతివాడికీ ప్రభుత్వ ఉద్యోగం ఖాయమన్నారు. రైతు కొడుకు ఇంజనీరు కావడం, కూతురు ఆఫీసులో గుమాస్తా కావడం ఆ తరం కళ్లారా చూసింది. అస్వాన్ ఆనకట్ట కరెంటు పల్లెలకు చేరింది. దాని జలాశయం కింద ఇళ్లు పోగొట్టుకున్న నూబియన్లను కోమ్ ఓంబో వైపు తరలించారు. ఈ సంగతి నీ కాపీలో లేదు, చేర్చు. ముంపు గ్రామాలంటే ఏమిటో మన పాఠకుడికి విడమరచి చెప్పాల్సిన పని లేదు.

స్త్రీల గురించి నువ్వు రాసిన వాక్యం నాకు నచ్చలేదు. 1956లో నాసర్ మహిళలకు ఓటు హక్కు "ప్రసాదించాడు" అన్నావు. 1951 ఫిబ్రవరిలో స్త్రీల హక్కుల కోసం పోరాడిన దోరియా షఫీక్ సుమారు 1500 మంది స్త్రీలను వెంటబెట్టుకుని పార్లమెంటు లోపలికి నడిచింది. 1954లో ఓటు కోసమే నిరాహారదీక్ష చేసింది. ఓటు వచ్చిన మరుసటి ఏడాది, నాసర్ నియంతృత్వం మీద గొంతెత్తినందుకు ఆమెను గృహనిర్బంధంలో పెట్టారు. హక్కు చట్టంలోకి ఎక్కింది, హక్కు అడిగిన మనిషి నాలుగు గోడల మధ్యకు వెళ్లింది. ఆ "ప్రసాదించాడు" కొట్టెయ్.

ఇక మాట తప్పడం. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో నాలుగు వాక్యాల్లో దాటేశావు. 1974లో, నాసర్ తర్వాత అధ్యక్షుడైన సాదాత్ విదేశీ పెట్టుబడికి తలుపులు తీశాడు. 1977 జనవరి 17న పిండి, బియ్యం, పంచదార, నూనె లాంటి సరుకుల మీద రాయితీల కోత ప్రకటించారు. మర్నాడు అలెగ్జాండ్రియా నుంచి అస్వాన్ దాకా జనం వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల్లో పదుల మంది చనిపోయారు, సైన్యం దిగింది, కోత రద్దయింది. సాదాత్ దాన్ని దొంగల తిరుగుబాటు అన్నాడు. ఆ తర్వాతి పాలకులు మాత్రం గట్టి పాఠమే నేర్చుకున్నారు: ఏది తీసుకున్నా చప్పుడు కాకుండా తీసుకోవాలి.

వాళ్ల రొట్టెనే చూడు. పొట్టు చల్లిన గుండ్రటి గోధుమ రొట్టె, పొయ్యిలో పూరీలా పొంగుతుంది. తాటిమట్టల తట్టలో వందలకొద్దీ పేర్చి నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో సైకిల్ హ్యాండిల్ పట్టుకుని కైరో ట్రాఫిక్‌లో దూసుకుపోయే కుర్రాళ్ల ఫొటో ఏ ఏజెన్సీని అడిగినా దొరుకుతుంది. రాయితీ రొట్టె ధర 1980ల చివర 5 పియాస్టర్లకు (పియాస్టర్ అంటే ఈజిప్టు పౌండులో నూరో వంతు) చేరింది, 2024 జూన్ దాకా అక్కడే ఉంది. ధర కదల్లేదు, రొట్టె బరువు మాత్రం తగ్గుతూ వచ్చింది. 2008లో క్యూలు పెరిగి తోపులాటల్లో మనుషులు చనిపోతే సైన్యం చేత రొట్టెలు కాల్పించారు. 2024లో ధర ఒక్కసారిగా 20 పియాస్టర్లయింది. 1977 లాంటిదేమీ జరగలేదు. దాన్నిబట్టి జనం సర్దుకున్నారనో, రేపే పేలుతుందనో జోస్యం చెప్పకు. మన వృత్తిలో జోస్యం చెప్పినవాళ్లందరూ 2011 డిసెంబరులో ఒక పుస్తకం, 2013 డిసెంబరులో దానికి విరుద్ధంగా ఇంకో పుస్తకం రాశారు.

భూమి విషయంలోనూ ఇదే తంతు. 1992లో 96వ నంబరు చట్టంతో కౌలును శిస్తుకు 22 రెట్లు చేశారు, అయిదేళ్ల గడువు పెట్టారు. 1997 అక్టోబరు నుంచి భూస్వామి అడిగినంత ఇవ్వాలి, లేదా పొలం వదలాలి. నాసర్ ఇచ్చిన భరోసా ముగిసింది అక్కడ, పెద్దగా ఏ కెమెరా లేకుండానే. ఉద్యోగ హామీ రద్దు కాలేదు, పిలుపు కోసం ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసేలా చేశారు. తీసుకోవాల్సినవన్నీ తీసుకున్నారు. నోరెత్తవద్దన్న షరతు మాత్రం చెక్కుచెదరకుండా ఉంచారు.

మన పాఠకుల సంగతి కూడా ఆలోచించు. కరీంనగర్‌లో, కడపలో, కోనసీమలో అరబ్ అంటే కువైట్, దుబాయి, చమురు, షేకు. ఈజిప్టు రైతు కొడుకు కూడా అదే గల్ఫ్‌కు, ఇరాక్‌కు కూలికి పోయాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1970లలో, 80లలో ఆ డబ్బుతో నైలు పల్లెల్లో మట్టి ఇళ్లు పోయి ఎర్ర ఇటుక మేడలు లేచాయి, టీవీ వచ్చింది, భర్త ఊళ్లో లేని ఇంటికి భార్య పెద్ద అయింది. ఏ విప్లవ ప్రభుత్వమూ ఇంత త్వరగా పల్లెను మార్చలేదని నా అభిప్రాయం. దీనికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు.

మతం గురించి జాగ్రత్త. "ఆధునికతకూ ఛాందసానికీ మధ్య పోరు" అనే వాక్యం నీ కాపీలో రెండుసార్లు ఉంది, రెండూ తీసెయ్. 1992 అక్టోబరులో కైరోలో భూకంపం వచ్చినప్పుడు సర్కారు కంటే ముందు దుప్పట్లు, మందులు తెచ్చింది ముస్లిం బ్రదర్‌హుడ్ అనే మత రాజకీయ సంస్థ చేతిలో ఉన్న డాక్టర్ల, ఇంజనీర్ల సంఘాలు. ప్రభుత్వం వదిలేసిన చోటులోకి వాళ్లు వచ్చారు. 2012లో బ్రదర్‌హుడ్ తరఫున అధ్యక్షుడిగా గెలిచిన మోర్సీ కూడా అమెరికాలో పీహెచ్‌డీ చేసిన ఇంజనీరే. ఆయన పాలనలో తప్పులుంటే రాయి, సైన్యం ఆయన్ను దించేశాక 2013 ఆగస్టు 14న కైరో రబా కూడలిలో ఆయన మద్దతుదారులను వందల మందిని భద్రతా దళాలు చంపడం గురించీ అంతే నిక్కచ్చిగా రాయి. ఎవరి పక్షమని అడిగేవాళ్లు రెండింటికీ అడుగుతారు, పట్టించుకోకు.

ట్యునీసియా, సిరియా, యెమెన్ అన్నీ కలిపి ఒక్క ముద్ద చేయకు. ట్యునీసియా ఒక బాక్సు ఐటం చాలు: 2010 డిసెంబరు 17న సీదీ బూజిద్‌లో ఒంటికి నిప్పంటించుకున్న తోపుడుబండి వ్యాపారి బువాజీజీ దగ్గర అధికారులు లాక్కున్నది ఒక తూకం యంత్రం. ఆ దేశంలో సైన్యం చిన్నది, కార్మిక సమాఖ్య పెద్దది. అక్కడి కథ వేరుగా నడవడానికి అది ముఖ్య కారణం. శీర్షికలో "అరబ్ వసంతం", "మల్లెల విప్లవం" లాంటి అరిగిన పేర్లు వద్దు.

రెండో భాగాన్ని నైలు డెల్టాలోని బట్టల మిల్లు ఊరు మహల్లాతో మొదలుపెట్టు. 2006 డిసెంబరులో ఆ మిల్లులో రెండు నెలల జీతం బోనసుగా ఇస్తామన్న మాట తప్పారు. ముందు పని ఆపింది కుట్టు విభాగం స్త్రీలు. "మగాళ్లేరీ, ఆడవాళ్లం ఇక్కడున్నాం" అని కేకలేస్తూ నేత విభాగం మీదుగా నడిచారు. అప్పుడు కదిలారు మగవాళ్లు, ఇరవై వేల మందికి పైగా. 2008 ఏప్రిల్ 6న అదే ఊరు మళ్లీ అట్టుడికింది. నువ్వు ఇంట్రోలో పెట్టిన ఫేస్‌బుక్ కుర్రాళ్ల ఉద్యమం తన పేరు తీసుకున్నది ఆ తేదీ నుంచే. తహ్రీర్‌ను మూడో భాగంలో పెట్టు, అది కూడా సగం దాటాక.

తిరగరాసింది గురువారం లోపల పంపు, శుక్రవారం పేజీ కడతారు కదా. తేదీలన్నీ ఒక కాగితం మీద విడిగా రాసి పెట్టు, నేను సరిచూస్తాను. నాన్నకు బీపీ మాత్రలు గుర్తుచేయి.

ఇట్లు,
పెదనాన్న