కరెంటుకి 'సి' అని పెట్టొచ్చుగా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మొన్న ఓం నియమం చదువుతూ "కరెంటుకి సి అని పెట్టొచ్చుగా నాన్నా, ఐ ఏంటి? మాగ్నెటిక్ ఫీల్డుకి బి ఏంటి? పైగా కాంతి వేగానికి సి!" అంది. కాలేజీలో అడిగితే "అదంతే, గుర్తుపెట్టుకో" అన్నారట. నేను కామర్స్ చదివినవాణ్ణి. వీటికి కారణాలున్నాయా, లేక ఎవరికి తోచింది వాళ్లు రాసేశారా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: రెండూ నిజమేనండీ. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ప్రతి అక్షరమూ ఏదో ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరమే అయ్యుంటుందని పిల్లలు అనుకుంటారు. అక్కడే చిక్కంతా.

ముందు ఐ సంగతి. 1820లలో కరెంటు మీద పనిచేసిన ఆంపియర్ ఫ్రెంచి ఆయన. కరెంటు తీవ్రతని ఫ్రెంచిలో 'ఇంటెన్సిటీ'కి సమానమైన మాటతో చెప్పాడు, దాని మొదటి అక్షరమే ఐ. తమాషా ఏంటంటే, బ్రిటిష్ వాళ్లు చాలాకాలం కరెంటుకి సి అనే రాసుకున్నారు, 19వ శతాబ్దంలో వాళ్ల పుస్తకాల్లో ఓం నియమం 'సి ఈక్వల్స్ ఈ బై ఆర్' అని ఉండేది (ఈ అంటే వోల్టేజి, ఆర్ అంటే రెసిస్టెన్స్). కాబట్టి మీ అమ్మాయి అడిగిందాంట్లో తప్పేం లేదు, చివరికి నెగ్గింది ఫ్రెంచి అక్షరం, అంతే.

బి వెనక మాత్రం ఏ మాటా లేదు. స్కాట్లాండు శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1873లో అచ్చేసిన పెద్ద గ్రంథంలో దిశ ఉన్న రాశులకి ఏ నుంచి హెచ్ దాకా వరసగా అక్షరాలు ఇచ్చుకుంటూ పోయాడు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లో సీట్ల వరసలకి వేసినట్టు. బి మాగ్నెటిక్ ఇండక్షన్‌కి (మీ అమ్మాయి పుస్తకంలో మాగ్నెటిక్ ఫీల్డ్ అన్నది ఇదే) వచ్చింది, సి కరెంటుకి, డి డిస్‌ప్లేస్‌మెంట్‌కి, హెచ్ మాగ్నెటిక్ ఫోర్స్‌కి. ఈ అంటే ఎలక్ట్రిక్, ఎఫ్ అంటే ఫోర్స్ అని కుదిరాయి కాబట్టి మనకి అనుమానం రాదు. వేగానికి ఇచ్చిన జి మాత్రం నిలవలేదు. బి, హెచ్‌లని చూసి ఏటా లక్షలమంది పిల్లలు బుర్ర గోక్కుంటున్నారు.

ఇక కాంతి వేగం. సి అంటే లాటిన్‌లో వేగం అనే అర్థమున్న 'సెలెరిటాస్' అని చాలాచోట్ల చెబుతారు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ అసలు దారి వేరు. 1856లో జర్మనీలో వెబర్, కోల్‌రౌష్ కలిసి విద్యుత్తుని కొలిచే రెండు రకాల యూనిట్ల మధ్య నిష్పత్తి కనుక్కున్నారు. వెబర్ సూత్రంలో సి అన్నది ఆ స్థిరాంకం. దాన్ని రూట్ 2తో భాగిస్తే సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లు వస్తుంది, అంటే దాదాపు కాంతి వేగమే! మాక్స్‌వెల్ కాంతి వేగానికి వి అని రాసేవాడు. 1894లో జర్మన్ శాస్త్రవేత్త డ్రూడ్ సి వాడాడు, మెల్లగా అందరూ అటు తిరిగారు.

ఐన్‌స్టీన్ కూడా మొదట వి వాడినవాడే. 'ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్' సూత్రానికి మూలమైన 1905 నాటి చిన్న పేపర్లో శక్తికి ఎల్ పెట్టి, ఒక వస్తువు ఎల్ అంత శక్తిని వెలువరిస్తే దాని ద్రవ్యరాశి 'ఎల్ బై వి స్క్వేర్' మేర తగ్గుతుందని రాశాడు. ఆయన సి కి మారింది 1907లో. ఆ మార్పు రాకపోతే ఇవాళ టీషర్టుల మీద సూత్రం ఇంకోలా ఉండేది.

మీ అమ్మాయి కెమిస్ట్రీలో పరమాణు సంఖ్యకి వాడే జెడ్ గురించి అడిగితే, అది జర్మన్‌లో సంఖ్య అని అర్థమిచ్చే 'జాల్'. పరమాణువులో ఎలక్ట్రాన్లుండే కె, ఎల్, ఎం షెల్స్ (ఎక్స్‌రేలకి పెట్టిన పేర్లే వీటికీ వచ్చాయి) ఏ నుంచి కాకుండా కె దగ్గర ఎందుకు మొదలయ్యాయంటే, ఎక్స్‌రేల మీద పనిచేసిన బార్క్‌లా తను కనిపెట్టిన రెండు రకాల కిరణాలకి ముందు ఏ, బి అనే పేర్లే పెట్టి, వీటికి ముందూ వెనకా ఇంకొన్ని దొరకొచ్చేమోనని 1911లో కె, ఎల్ అని మార్చాడు. వెనక ఎం, ఎన్ దొరికాయి గానీ కె కి ముందు ఏదీ లేదని తర్వాత తేలింది.