శిరీషకు, బానెట్ ఎత్తే ముందు

బిడ్డా శిరీషా,

పొద్దున అక్క ఫోన్ చేసింది. నువ్వు కొన్న పాత పెట్రోలు బండి రేస్ ఇస్తే కుదుపుతోందని, ఆగి ఉన్నప్పుడు కూడా ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతోందని, షెడ్డుకు ఇవ్వకుండా నువ్వే చూసుకుంటానంటున్నావని, బాగైతే కార్తీకంలో తనని శ్రీశైలం తీసుకపోతానన్నావని అంతా ఒక్క గుక్కలో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల స్పానర్ పడతానంటే నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. కానీ ఫోన్ పెట్టేసినకాడి నుంచి దిండి దాటాక వచ్చే ఆ అడవి రోడ్డే కళ్లల్లో తిరుగుతోంది.

సులువైనవి ముందు చెప్తా. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు, బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ ఎర్త్ వైరు బిగువుగా ఉన్నాయో లేదో చూడు, ప్లగ్గులు ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పు, మళ్లీ బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పు, ఎందుకంటే హెడ్డు అల్యూమినియం, మర పోయిందంటే పెద్ద ఖర్చు. బండి చాలా రోజులు కదలకుండా ఉండి ఉంటే ట్యాంకులో పాత పెట్రోలు మీద కూడా అనుమానం ఉంచు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది.

ఏదీ విప్పకముందు చేయాల్సిన పని ఒకటుంది. కాగితం తీసుకుని, కుదుపు ఎప్పుడొస్తోందో రాయి. చల్లటి ఇంజన్‌లోనా, వేడెక్కాకా? ఏసీ వేస్తే ఎక్కువవుతోందా? న్యూట్రల్‌లో కూడా ముల్లు ఊగుతోందా, గేరులో లాగేటప్పుడే మిస్సింగ్ (పెట్రోలు సరిగా అంటుకోక ఇంజన్ తడబడటం) కొడుతోందా? ముల్లు పైకి పోతూ బండి మాత్రం ముందుకు లాగకపోతే అది క్లచ్ జారడం, ఇంజన్‌ని తిట్టి లాభం లేదు. ఈ కాగితం లేకుండా నువ్వు కొనే ప్రతి పార్టూ గుడ్డిగా కొన్నదే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీ నాన్న బండి సంగతి నీకు తెలియదు.

అప్పుడు బావ మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాసేవాడు. బండి పొద్దంతా వడ్ల బస్తాల పక్కనే ఉండేది. మూడో గేరులో గట్టిగా తొక్కితే కుదుపు, సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు ఆరు వందల నుంచి పదిహేను వందల దాకా ఊగడం. ఊళ్లో ఒక షెడ్డుకు పోతే ప్లగ్గులు మార్చారు. నాలుగు రోజులు బాగా నడిచి మళ్లీ మొదలైంది. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు మార్చారు, మళ్లీ అదే కథ. తర్వాత పెట్రోలు పంపు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండేసరికి ఆ పార్టే తప్పనుకున్నారు. అసలు జరిగిందేమంటే, పార్టు మార్చేటప్పుడు కనెక్టర్లు పీకి మళ్లీ పెడుతున్నారు, ఆ కదలికకు లోపల తెగబోతున్న వైరు కాసేపు సర్దుకుంటోంది. పంపు మార్చాక బండి బాగైందని నమ్మి బావ మీ అందరినీ ఎక్కించుకుని వాడపల్లి బయల్దేరాడు. అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీని దాటబోయి మూడో గేరులో తొక్కాడు. పికప్ పోయింది. ఎదురుగా బస్సు. ఎట్లనో బ్రేకు కొట్టి మళ్లీ లారీ వెనకకే వచ్చాడు. నువ్వు వెనక సీట్లో అక్క ఒళ్లో నిద్రపోతున్నావంట.

మర్నాడు బండి నా దగ్గరికి తెచ్చాడు. నేనేమీ విప్పలేదు, పక్కన కూర్చుని నడపమన్నా, ఎప్పుడెప్పుడు కుదుపుతోందో చూశా. ప్రతిసారీ గట్టిగా తొక్కినప్పుడే. తొక్కినప్పుడు ఇంజన్ మౌంటింగుల మీద ఒకవైపు ఒరుగుతుంది, దాంతోపాటు వైర్లు సాగుతాయి. వచ్చి ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరకే తిరిగేట్టు) పెట్టి, ఎండు కట్టెపుల్లతో వైర్ల కట్టను మెల్లగా కదిపితే, ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌కు పోయే వైరు దగ్గర ముల్లు టక్కున పడింది. టేపు విప్పి చూస్తే పైన ప్లాస్టిక్ అంతా ఎలుక కొరికేసింది, లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి రెండో మూడో మిగిలాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే అడుగున వడ్ల పొట్టు, చింపిన గోనె పీచు. సోల్డరింగ్ చేసి, స్లీవ్ వేసి, పైన ముడతల పైపు తొడిగా. మార్చిన పార్టుల ఖర్చులో అది ఏ మూలకూ రాదు. డబ్బు పోతే పోయింది బిడ్డా, ఆ బస్సే నాకు ఇప్పటికీ గుండెలో ఉంది.

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ కొన్నావంట, మంచిదే. కానీ కోడు అనేది జ్వరం లాంటిది, రోగం పేరు చెప్పదు. పీ0301 వస్తే ఒకటో సిలిండర్ మిస్సింగ్ అని మాత్రమే. అప్పుడు కాయిల్ కొనకు. ఒకటో దాని కాయిల్ రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి, కోడు చెరిపి నడిపి చూడు. పీ0302గా మారితే కాయిలే పోయింది. మారకపోతే ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్‌లోని కంప్రెషన్ (ఒత్తిడి) చూడాలి. ఫ్యూయల్ ట్రిమ్ అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, ఎంత తగ్గించి పోస్తోందో చెప్పే అంకె; అది ఐడిలింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే ఎక్కడో గొట్టం పగిలి దొంగ గాలి ఇంజన్ లోపలికి పోతోందని అనుకో. మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో ట్రిమ్ అంతగా మారకపోవచ్చు, ఐడిలింగ్ మాత్రం పైకి లేస్తుంది. లోడు మీద ప్లస్ పెరుగుతూ పోతే పెట్రోలు సరిగా అందట్లేదు, పెట్రోలు ఫిల్టర్, పంపు ప్రెషర్ చూడు. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటే ఇక నడపకు, కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి మసి ఉంటే క్లీనర్‌ను బట్టకు కొట్టి తుడువు. ఎలక్ట్రానిక్‌ది అయితే రేకును వేలితో నెట్టకు.

ఒకటి కోపంగానే చెప్తా. ఇంజన్ నడుస్తుండగా చున్నీతో బానెట్ దగ్గరికి పోయావని తెలిస్తే ఊరుకోను. జడ ముడి వేసుకో, గాజులు తీసెయ్. ఇంజన్ ఆపి తాళం తీసినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు. లీకు వెతకడానికి కొందరు వేడి ఇంజన్ మీద క్లీనర్ చల్లుతారు, అది నిప్పంటుకునే సరుకు, నువ్వు ఆ పని చేయనే చేయొద్దు. షట్టర్ వేసిన గదిలో ఇంజన్ నడపొద్దు, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బాగైందనుకున్నాక నేరుగా శ్రీశైలం పోకు. ముందు దేవరకొండ నుంచి దిండి దాకా నువ్వొక్కదానివే పోయి రా, మూడో గేరులో ఎత్తులు ఎక్కించి చూడు. కుదుపు కొంచెం తేడాగా అనిపించినా ఓవర్‌టేక్ చేయకు. ఇక మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట బండ్లను అడవిలోకి వదలరు, పొద్దున్నే బయల్దేరండి, ట్యాంకు ముందే నింపుకో. దారిలో ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, అక్కను ముందు దింపి రోడ్డు పక్కకు దూరంగా నిలబెట్టు, తర్వాతే బానెట్ సంగతి.

ఆ కాగితం రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, ఐడిలింగ్ శబ్దం కూడా రికార్డు చెయ్. చూశాక ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తా. నీకు తేలకపోతే నల్లగొండలో బస్సెక్కి నేనే వస్తా, అక్కను పప్పుచారు పెట్టమను.

మీ మామయ్య