మేనేజ్డ్ స్విచ్ చేతికిచ్చారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (కంప్యూటర్లను తీగలతో కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె) ఒకటి ఇచ్చి, సెటప్ చేసి చూపించమన్నారు. బ్రౌజర్‌లో తెరిస్తే లెక్కలేనన్ని మెనూలు. అన్నీ నేర్చుకోవాలా? క్లిక్ చేస్తూ పోతే చాలా, కమాండ్లు కూడా రావాలా? అంతా క్లౌడ్‌లోకి పోతున్న రోజుల్లో ఈ పనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. సర్వర్లు ఎక్కడికి పోయినా బల్ల మీది కంప్యూటర్, గోడకున్న కెమెరా, పైకప్పుకి బిగించిన వైఫై యాక్సెస్ పాయింట్ ఏదో ఒక స్విచ్ పోర్టుని పట్టుకునే ఉంటాయి. క్లౌడ్ అని మనం పిలిచే డేటా సెంటర్లో కూడా ర్యాక్ ర్యాక్‌కీ స్విచ్‌లే. తగ్గుతున్నదల్లా, ఒక్కో స్విచ్ ముందు కూర్చుని అవే కమాండ్లు కొట్టే పని. దాన్ని ఇప్పుడు స్క్రిప్టులు చేస్తున్నాయి. ఆ స్క్రిప్టులో ఏం రాయాలో, రాస్తే ఏమవుతుందో చెప్పగలిగేవాళ్లకి గిరాకీ ఉంది. మీరు అటువైపు వెళ్లాలి.

మెనూలను పైనుంచి కిందికి చదువుకుంటూ పోకండి. అది తయారుచేసినవాళ్లు పెట్టుకున్న వరుస, పని జరిగే వరుస వేరు. ముందు స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పెట్టి, పుట్టీ లాంటి టెర్మినల్‌తో (కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్‌తో) లోపలికి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఆ కేబుల్ మీద వేగం చాలా స్విచ్‌లకి సెకనుకి 9600 బిట్లు, కొన్నిటికి 115200. నెట్‌వర్క్ మొత్తం పడిపోయినా తెరుచుకునే తలుపు అదొక్కటే. స్విచ్‌కి పేరు పెట్టండి, డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి, మేనేజ్‌మెంట్ ఐపీ (నెట్‌వర్క్ నుంచి స్విచ్‌ని చేరుకునే అడ్రస్) ఇవ్వండి. దూరం నుంచి లోపలికెళ్లే పాత దారి టెల్నెట్ ఆపేసి, అదే పనిని గుప్తంగా చేసే ఎస్‌ఎస్‌హెచ్ పెట్టండి. టెల్నెట్‌లో మీ పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా తీగ మీద పోతుంది. టైమ్ కోసం ఎన్‌టీపీ కూడా పెడితే రేపు లాగ్ చూసినప్పుడు ఏది ముందు జరిగిందో తెలుస్తుంది.

సిస్కో (నెట్‌వర్క్ పరికరాల కంపెనీ) తరహా స్విచ్‌లో ఇప్పుడు నడుస్తున్న కాన్ఫిగరేషన్ వేరు, రీబూట్ అయ్యాక చదువుకునేది వేరు. సేవ్ చేయకుండా కరెంటు పోతే మీ పనంతా గాలికే. ఇదే గుణం ఒక్కోసారి మనల్ని కాపాడుతుంది కూడా, ఎలాగో చెబుతాను.

మీ టైమ్‌లో ఎక్కువ భాగం వీల్యాన్‌కి పెట్టండి. ఒకే స్విచ్‌ని విడివిడి స్విచ్‌లుగా పంచుకోవడం అన్నమాట. అకౌంట్స్ కంప్యూటర్లు వీల్యాన్ 10లో, కెమెరాలు 20లో, వచ్చిపోయేవాళ్ల వైఫై 30లో ఉన్నాయనుకోండి. మధ్యలో రౌటరో, రౌటర్ పని కూడా చేసే లేయర్ 3 స్విచ్చో లేకపోతే వాటి మధ్య మాటల్లేవు. రెండు స్విచ్‌ల నడుమ లింకు మీద వెళ్లే ఫ్రేమ్‌లకి (డేటా ముక్కలకి) 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తారు. అందులో వీల్యాన్ నంబరుకి 12 బిట్లే చోటు ఉంది కాబట్టి నంబర్లు 1 నుంచి 4094 వరకే. ఇలా ‘ఎందుకు’ తెలిసిన విషయం ఇంటర్వ్యూలో తడబడనివ్వదు. ఒక చిక్కుంది: సిస్కోలో ట్రంక్ అంటే ట్యాగ్‌లు మోసే లింకు, పాత హెచ్‌పీ ప్రోకర్వ్‌లో ట్రంక్ అంటే కొన్ని తీగలను కలిపి ఒక్కటిగా కట్టడం. వెబ్ పేజీతో నడిచే చిన్న స్విచ్‌లలో ఇంకో తంటా. పోర్టుని వీల్యాన్‌లో చేర్చి, పీవీఐడీ (ట్యాగ్ లేకుండా వచ్చిన ఫ్రేమ్ ఏ వీల్యాన్‌దో చెప్పే నంబరు) మార్చడం మర్చిపోతారు. అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో చూసే పరీక్ష) మాత్రం వెళ్లదు.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ స్విచ్‌ల మధ్యే బతికాను. ఒకరోజు దూరంగా ఉన్న స్విచ్‌లో ట్రంక్ మీదికి వీల్యాన్ 30 చేర్చాలి. ‘అలౌడ్ వీల్యాన్’ తర్వాత ‘యాడ్’ అన్న మాట వదిలేసి ఎంటర్ కొట్టాను. 30 చేరడం కాదు, పాతవన్నీ పోయి 30 ఒక్కటే మిగిలింది. నేను లోపలికెళ్లిన దారి కూడా ఆ పోయినవాటిలోనే ఉంది. తెర బిగుసుకుపోయింది, నేనూ బిగుసుకుపోయాను. అప్పట్నుంచి దూరపు స్విచ్‌ని ముట్టుకునే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొడతాను. దారి తెగితే పది నిమిషాల్లో అదే రీబూట్ అయి, సేవ్ అయిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడు సేవ్ చేస్తాను.

తర్వాతది స్పానింగ్ ట్రీ. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి ఆయుష్షు లెక్క లేదు, తీగలు గుండ్రంగా కలిసిపోయిన లూప్‌లో పడితే తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ 1985లో కనిపెట్టారు. ఇందులో ఒక స్విచ్ రూట్, అంటే మిగతావాటికి కేంద్రం. ప్రయారిటీ అన్నిటికీ డీఫాల్ట్ 32768 కాబట్టి, మీరు మార్చకపోతే తక్కువ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వచ్చే నంబరు) ఉన్నది రూట్ అవుతుంది. మూలనున్న పాత డబ్బా నెట్‌వర్క్‌కి పెద్దదిక్కు అయిపోవడం అలాగే. పాత పద్ధతిలో పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది. కంప్యూటర్లున్న పోర్టులకి ఆ ఆలస్యం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టేది అందుకే. ఆ పోర్టుకి ఎవరైనా స్విచ్ తగిలిస్తే మూసేయడానికి దానికి తోడు బీపీడీయూ గార్డ్ పెట్టండి.

లింక్ అగ్రిగేషన్, పోర్ట్ మిర్రరింగ్, ఎస్‌ఎన్‌ఎంపీ లాంటివి అవసరం పడ్డప్పుడు నేర్చుకోవచ్చు. పవర్ ఓవర్ ఈథర్నెట్‌లో (డేటా తీగ మీదే కరెంటు పంపడంలో) మాత్రం మొత్తం వాట్ల బడ్జెట్ చూసుకోండి. 24 పోర్టులున్నాయి కదా అని 24 కెమెరాలు తగిలిస్తే అన్నీ వెలగకపోవచ్చు.

వెబ్బా, కమాండ్లా అంటే, వెబ్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. కానీ మార్పుకి ముందూ వెనకా కాన్ఫిగరేషన్ ఫైల్ దించుకుని, ఏ లైన్ మారిందో పక్కపక్కన పెట్టి చూడండి. కమాండ్లు అలా అలవాటవుతాయి. స్క్రిప్టులకి వాడే పైథాన్, అన్సిబుల్ వైపు దారి కూడా ఆ ఫైల్ నుంచే. సాధనకి, కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. నెలలపాటు అందులో కట్టి, పాడుచేసి, బాగుచేశాక సిస్కో సర్టిఫికెట్ కోసం సీసీఎన్‌ఏ 200-301 పరీక్ష రాయండి. సర్టిఫికెట్ ముందు, సాధన తర్వాత అయితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చూపించమన్న రోజున మెనూలు తిప్పకండి. రెండు వీల్యాన్లు కట్టి, ఒకదాంట్లోంచి రెండోదానికి పింగ్ వెళ్లదని చూపించండి. ఆపైన ఒకే కేబుల్ రెండు కొసలనూ అదే స్విచ్‌కి పెట్టి, ఏ పోర్టు ఎందుకు మూసుకుందో చెప్పండి. అయితే ఆ పని చేసేముందు, స్విచ్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే తీగ ఊడదీశారో లేదో చూసుకోండి.