నెలవారీ రిపోర్టుల్లో అన్నీ పరిమితుల్లోనే ఉన్నప్పుడు ఆడిటర్ ఇంకేం చూస్తారు?

పాత మురుగునీటి శుద్ధి ప్లాంటు నడుస్తుండగానే దాని పక్కన విస్తరణ పనులు జరుగుతున్నాయనీ, పర్యావరణ పర్యవేక్షణ బాధ్యత కొత్తగా మీ మీద పడిందనీ రాశారు. రిపోర్టులన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి కదా, బయటి ఆడిటర్ వచ్చి ఇంకేం వెతుకుతారని అడిగారు. చివర్లో ఇంకో మాట చేర్చారు: పోయిన నెల ఒక శాంపిల్లో బీఓడీ (నీటిలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్) పరిమితి దాటింది, మళ్లీ శాంపిల్ తీసి కొత్త ఫలితం మాత్రమే పెట్టమని పైవాళ్లు అంటున్నారు. నేను కొన్నేళ్లు శాంపిళ్లు తీసే టీమ్‌లో, ఆ తర్వాత ఆడిట్ టీమ్‌లో పనిచేశాను. రెండు వైపులా చూసిన దాన్నిబట్టి చెప్తాను.

అన్నీ పరిమితుల్లోనే ఉన్న ఫైలు చూస్తే ఆడిటర్‌కి మొదట కలిగేది అనుమానమే. మురుగునీరు రోజూ ఒకేలా రాదు. వాన పడితే పలచబడుతుంది. పొద్దున, సాయంత్రం చిక్కబడుతుంది. ఎవరో అర్ధరాత్రి ట్యాంకర్‌తో తెచ్చి కెమికల్ నీళ్లు కాలవలో కలిపితే గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకులో మలినాన్ని తినే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. ఇంత అస్తవ్యస్తంగా లోపలికొచ్చే నీరు ఏడాది పొడవునా 18, 19, 18 బీఓడీతో బయటికి పోతోందంటే ఎవరైనా ఆగి చూస్తారు. పరిమితి దాటిందో లేదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. మిగతా టైమంతా ఒక అంకెకి ఇంకో అంకె సాక్ష్యం చెప్తుందా లేదా చూడడానికే పోతుంది.

ఉదాహరణకి స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) లెక్క. నేను ఏ ప్లాంటుకి వెళ్లినా మొదట చేసేది ఇదే. రోజుకి 10,000 ఘనపు మీటర్ల నీరు వస్తోందనుకోండి. లోపలికి వచ్చే బీఓడీ లీటరుకి 200 మిల్లీగ్రాములు, బయటికి పోయేది 20. అంటే రోజుకి 1,800 కిలోల బీఓడీ తగ్గించామని రిపోర్టు చెప్తోంది. అదేం మాయమైపోదు కదా. కొంత బ్యాక్టీరియా శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగతాది స్లడ్జ్‌గా పేరుకుంటుంది. తక్కువగా లెక్కేసినా, కిలో బీఓడీకి అర కిలో పొడి స్లడ్జ్ అనుకుందాం. రోజుకి 900 కిలోలు. స్లడ్జ్‌ని పిండే ప్రెస్ నుంచి వచ్చే కేకులో (గట్టి ముద్దలో) ఘనపదార్థం 20 శాతమే ఉంటుంది కాబట్టి తడి బరువు నాలుగున్నర టన్నులు. ఇప్పుడు స్లడ్జ్ లారీల గేటు పాసులు తీయండి. వారానికి ఒక్క 5 టన్నుల లోడే బయటికి పోయిందని ఉంటే మిగతాది ఎక్కడికి వెళ్లింది? ఎక్కువ రోజులు గాలి పట్టించే పద్ధతిలో స్లడ్జ్ కొంత తక్కువ వస్తుంది, నిజమే. కానీ ఆరో వంతుకి పడిపోదు. చాలాసార్లు దొరికే జవాబు ఏంటంటే, రాత్రిపూట లేదా వానలో అది ఔట్‌లెట్ గుండా నీళ్లతో పాటే కొట్టుకుపోతోంది, శాంపిల్ మాత్రం పగలు పదకొండింటికి తీస్తున్నారు.

కరెంటు బిల్లు కూడా అలాంటి సాక్షే. ప్లాంటులో కాలే కరెంటులో సగం, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ, ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్లే తింటాయి. ఆపరేటర్ లాగ్‌బుక్‌లో బ్లోయర్ 24 గంటలూ నడిచినట్టు టిక్కులుండి, మీటర్ రీడింగ్ రాత్రి పూట సగానికి పడిపోతుంటే ఏం జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ల్యాబ్ ఫలితాల్లోనూ ఇలాంటి ముడులు ఉన్నాయి. ఒకే శాంపిల్లో బీఓడీ, సీఓడీ (మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కంటే ఎక్కువ వచ్చిందంటే ఏదో ఒక పరీక్ష తప్పు. వేరే దారి లేదు. అమ్మోనియా 30 నుంచి 2కి తగ్గిందని రాసి, నైట్రేట్ పెరగకుండా, ఆల్కలినిటీ (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కదలకుండా ఉంటే అదీ కుదరదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి 7 మిల్లీగ్రాములకు పైనే ఆల్కలినిటీ ఖర్చవుతుంది. నైట్రేట్ మళ్లీ నైట్రోజన్ వాయువుగా మారి పోతే అందులో సగం వరకు తిరిగొస్తుంది. ఎటు నుంచి చూసినా ఆ జాడ కాగితం మీద కనపడాలి. క్లోరిన్ కలిపిన నీటిలో బీఓడీ మరీ తక్కువగా, 3 అనో 4 అనో వస్తే సంబరపడకండి. ఆ శాంపిల్లో క్లోరిన్ తీసేసి, బయటి నుంచి బ్యాక్టీరియా సీడ్ వేసి పరీక్ష చేశారా అని ల్యాబ్‌ని అడగండి. సీడ్ వేయకపోతే తినే బ్యాక్టీరియానే లేదు, ఇక బీఓడీ ఎక్కడి నుంచి వస్తుంది?

శాంపిల్ తీయడం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో రిపోర్టు విలువ సగం అక్కడే తేలిపోతుంది. ఒక్క సీసాలో ముంచి తీసిన గ్రాబ్ శాంపిల్ ఆ నిమిషానికి మాత్రమే సాక్ష్యం. రోజంతా గంటగంటకీ, వీలైతే ప్రవాహాన్ని బట్టి తీసి కలిపిన కాంపోజిట్ శాంపిల్ ఉంటే దాని మాటకి బరువుంటుంది. పీహెచ్, మిగులు క్లోరిన్, కరిగిన ఆక్సిజన్ అక్కడికక్కడే, 15 నిమిషాల్లోపు చూడాల్సినవి. ల్యాబ్ షీటులో పీహెచ్ పరీక్ష తేదీ శాంపిల్ తీసిన మర్నాడు ఉంటే అది దొరికిపోతుంది. బీఓడీ సీసా ఐసులో, 6 డిగ్రీల లోపు, 48 గంటల్లో పరీక్ష మొదలవ్వాలి. సీఓడీ, అమ్మోనియాలకి సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించితే 28 రోజుల దాకా ఆగుతాయి. కోలిఫాం (మలం జాడ చూపే బ్యాక్టీరియా) సీసా స్టెరైల్‌గా ఉండాలి, క్లోరిన్ కలిపిన నీరైతే అందులో ముందే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, కొన్ని గంటల్లోనే ల్యాబ్‌కి చేరాలి. ఎవరు తీశారు, ఎన్నింటికి, ఎవరి చేతికి ఇచ్చారు అన్న చైన్ ఆఫ్ కస్టడీ కాగితం లేకపోతే ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా నిరూపించలేరు.

ఆన్‌లైన్ మీటర్ల గురించి క్లుప్తంగా: గీత గంటల తరబడి ఒకే విలువ మీద నిలబడితే సెన్సార్ మీద జిగురు పట్టిందని గానీ, సిగ్నల్ ఆగిపోయిందని గానీ అనుకోండి. క్యాలిబ్రేషన్ (మీటర్‌ని సరిచూసే పని) రికార్డుతో పాటు దానికి వాడే బఫర్ ద్రావణం గడువు తేదీ కూడా చూసి పెట్టుకోండి. ఆ సీసా తిప్పి చూసే ఆడిటర్లు ఉన్నారు, నేనూ చూస్తాను.

ఇక నిర్మాణం వైపు వద్దాం. అసలు ప్రశ్న, పని మొదలవక ముందు అక్కడ పరిస్థితి ఎలా ఉందన్నది. బేస్‌లైన్ ఎండాకాలంలో మాత్రమే తీసి ఉంటే, వానాకాలంలో వాగు బురదగా పారినప్పుడు అది మీ తవ్వకం వల్లనా, వాన వల్లనా అన్నది తేల్చలేరు. అందుకే పనికి ఎగువన ఒక చోట, దిగువన ఒకటి రెండు చోట్ల, ఒకే రోజు, దగ్గర దగ్గర టైముల్లో శాంపిల్ తీయాలి. హాంకాంగ్ ప్రాజెక్టుల్లో వాడే ఒక పద్ధతి నాకు నచ్చుతుంది. నీరు ఎంత బురదగా ఉందో చెప్పే టర్బిడిటీ గానీ, నీటిలో తేలే ఘనపదార్థాలు గానీ బేస్‌లైన్ విలువల్లో 95వ పర్సంటైల్‌ని (వందలో 95 కొలతలు దాని లోపే ఉండే విలువని), లేదా అదే రోజు ఎగువ స్టేషన్ విలువలో 120 శాతాన్ని దాటితే యాక్షన్ లెవెల్. 99వ పర్సంటైల్ లేదా 130 శాతం దాటితే లిమిట్ లెవెల్. ఏ మెట్టులో ఎవరు ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటల్లో మళ్లీ కొలవాలి, ఎప్పుడు పని ఆపాలి అన్నది ముందే పట్టికలో రాసి ఉంటుంది. అంకె పెరిగాక కూర్చుని ఆలోచించే అవసరం ఉండదు. మీ అనుమతి పత్రంలో అలాంటిది లేకపోయినా మీకోసం మీరు ఒకటి రాసుకోండి.

గుంతల్లోంచి తోడిపోసే బురద నీరు, కాంక్రీట్ మిక్సర్లు కడిగిన నీరు ఎక్కడికి పోతున్నాయో స్వయంగా నడిచి చూడండి. కాంక్రీట్ కడిగిన నీటి పీహెచ్ 12 దాకా ఉంటుంది, చిన్న వాగులో చేపలు చావడానికి అది చాలు. దుమ్ము, శబ్దం మామూలే. ఇళ్ల దగ్గర, రాత్రి కూడా కొలిచి ఉంటే చాలు.

వీటన్నిటి కంటే ప్రమాదకరమైంది, కొత్త యూనిట్‌ని పాత కాలవకి కలిపే రోజు. నేను ఆడిట్‌కి వెళ్లిన ఒక విస్తరణ ప్రాజెక్టులో ఆరు నెలల రిపోర్టులూ శుభ్రంగా ఉన్నాయి. శాంపిల్ ప్రతి మంగళవారం తీస్తారు. స్టోర్స్‌లో బిల్లులు తిరగేస్తుంటే ఒక శుక్రవారం రాత్రి పెద్ద డీజిల్ పంపులు అద్దెకి తెచ్చిన చలాను, మామూలు కంటే ఎన్నో రెట్లు డీజిల్ తీసిన స్లిప్పు కనిపించాయి. ఎందుకని అడిగితే సైట్ ఇంజనీర్ దాచలేదు పాపం, కాలవ కలపడానికి రాత్రంతా మురుగు బైపాస్ చేశామన్నారు. నీరు శుద్ధి లేకుండానే వాగులోకి పోయింది. మంగళవారానికి వాగు మామూలైపోయింది, ల్యాబ్ అంకెల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ ప్రాజెక్టు మొత్తంలో పర్యావరణానికి అతి పెద్ద దెబ్బ తగిలిన రాత్రి ఏ రిపోర్టులోనూ లేదు. మీ దగ్గర ఆ రోజు ఇంకా రాలేదంటున్నారు కాబట్టి ఇప్పుడే ప్లాన్ చేయండి: ప్రవాహం తక్కువుండే అర్ధరాత్రి తర్వాతి గంటలు ఎంచుకోవడం, మురుగుని నడుస్తున్న యూనిట్‌కే మళ్లించే తాత్కాలిక పంపులు, స్పేర్ పంపు, దిగువ వాళ్లకీ నియంత్రణ సంస్థకీ ముందస్తు సమాచారం, ఆ రాత్రికి ప్రత్యేకంగా ఎగువా దిగువా శాంపిళ్లు. శాంపిల్ క్యాలెండర్ పని క్యాలెండర్‌తో కలిసి నడవాలి.

వాసన ఫిర్యాదుల రిజిస్టర్ కూడా తప్పకుండా అడుగుతారు. వాసన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున, గాలి నిలిచిపోయినప్పుడు వస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ కొలిచేది మధ్యాహ్నం. మీటర్ సున్నా చూపించినంత మాత్రాన ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. ప్రతి ఫిర్యాదు పక్కనా టైము, గాలి దిశ, ఆ టైముకి ప్లాంటులో జరుగుతున్న పని రాస్తూ పోండి. కొన్నాళ్లకి స్లడ్జ్ ప్రెస్ నడిచే గంటలకీ ఫిర్యాదులకీ ఉన్న సంబంధం తనంతట తానే బయటపడుతుంది.

"పరిమితిలో ఉంటే చాలదా" అని మీ మేనేజర్ అడిగితే ఒక పాత సంగతి చెప్పండి. చాలామందికి తెలిసిన బీఓడీ 20, ఘనపదార్థాలు 30 అన్న అంకెలు బ్రిటన్‌లో మురుగునీటిపై వేసిన రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన నివేదిక నుంచి వచ్చాయి. అప్పుడు వాటితో పాటు ఒక షరతు కూడా ఉంది: కలిసే నదిలో కనీసం 8 రెట్లు మంచి నీరుండాలి. తర్వాత అంకెలు ప్రపంచమంతా తిరిగాయి, షరతు చాలా చోట్ల జారిపోయింది. వాగు ఎండిపోయి మీ ఔట్‌లెట్ నీరే వాగైన నెలల్లో 20 కూడా ఎక్కువే. దిగువ స్టేషన్ ఎందుకు మానకూడదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆడిట్‌కి తయారవడానికి నా సలహా ఒక్కటే. మీ రిపోర్టులోంచి కళ్లు మూసుకుని ఒక అంకె ఎంచుకోండి. దాని ల్యాబ్ షీటు, శాంపిల్ సీసా నంబరు, తీసిన మనిషి సంతకం, ఆ రోజు పరికరం క్యాలిబ్రేషన్, ఆ రోజు ఆపరేటర్ లాగ్‌బుక్ పేజీ వరకు వెనక్కి వెళ్లగలరా చూడండి. ఎక్కడ దారి తెగిపోతే అక్కడ సరిచేయండి. పాత లోపాలకి "సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం" అని మాత్రమే జవాబు రాసి ఉంటే దాన్ని కూడా మళ్లీ చూడండి. ఆ ఒక్క వాక్యంతో మూసేసిన ఫైళ్లు మళ్లీ తెరుచుకోవడం చాలాసార్లు చూశాను.

ఇక దాటిన ఆ బీఓడీ సంగతి. మళ్లీ శాంపిల్ తీయడంలో తప్పేం లేదు, తీయాలి కూడా. కానీ రెండో ఫలితం మొదటిదాన్ని చెరిపేయదు, పక్కన నిలబడుతుంది. రెండూ రిపోర్టులో పెట్టండి. మొదటి శాంపిల్ చెల్లదనాలంటే ల్యాబ్ రాతపూర్వకంగా కారణం చెప్పాలి: సీసా వేడెక్కింది, బ్లాంక్ (శాంపిల్ లేకుండా పోల్చి చూసే సీసా) పాడైంది, ఇలాంటిది. కారణం లేకుండా తీసేస్తే, ల్యాబ్ రిజిస్టర్లో ఆ సీసా నంబరు అలాగే ఉంటుంది, ఆడిటర్ నేరుగా ల్యాబ్‌కి వెళ్తారు. అప్పుడు పరిమితి దాటిన చిన్న విషయం పక్కకి పోయి, రికార్డు మార్చారన్న పెద్ద విషయం మొదలవుతుంది. సంతకం మీది కాబట్టి చిక్కు కూడా మీదే. పైవాళ్లకి ఇదే మాట ఈమెయిల్లో, మర్యాదగా, రాతలో పెట్టండి. తర్వాత ఒక పేజీ నోట్ తయారు చేయండి: ఆ రోజు ప్రవాహం ఎంత, ట్యాంకులో ఆక్సిజన్ ఎంత, స్లడ్జ్ ఎలా దిగుతోంది, ఏ బ్లోయర్ ఆగింది, మీరేం చేశారు, ఎన్నాళ్లకి అంకె కిందికి వచ్చింది. దానికి లాగ్‌బుక్ పేజీ ఫోటో, రెండు ల్యాబ్ షీట్లు జతచేసి, ఆడిట్ మొదటి మీటింగులో వాళ్లు అడగకముందే మీరే టేబుల్ మీద పెట్టండి.